బూజు పట్టిన వేరుశనగ చెక్కకు ప్రొబయోటిక్ విరుగుడు అవుతుందా?

ప్రశ్న: వానల్లో తడిసిన వేరుశనగ చెక్క బస్తాలకు బూజు పట్టింది. ఎండబెట్టి, ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పొడి గానీ పుల్లటి మజ్జిగ గానీ కలిపి పెడితే విషం పశువుకు ఎక్కదని దుకాణంలో చెప్పారు. పాలిచ్చే గేదెలకు అలా పెట్టవచ్చా? – ఒక పాడి రైతు, అనంతపురం జిల్లా

జవాబు: పెట్టవద్దు. మీకు చెప్పిన మాట పూర్తిగా అబద్ధం కాదు గానీ, ప్రయోగశాలలో తేలిన విషయానికీ మీ కొట్టంలో జరిగేదానికీ మధ్య చాలా దూరం ఉంది.

వేరుశనగ చెక్కపై పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ బి1 అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటి మేతలో కలిపిన వేరుశనగ చెక్కలోనే ఈ విషం మొదట బయటపడింది. చెక్కను ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది, పైకి తెల్లగా పచ్చగా కనిపించే పొర రాలిపోతుంది, కానీ అప్పటికే చెక్కలోకి చేరిన విషం చాలావరకు అలాగే ఉంటుంది. ఉడకబెట్టినా అంతే.

ఇక ప్రొబయోటిక్ సంగతి. పెరుగు, మజ్జిగల్లో ఉండే లాక్టోబాసిల్లస్ జాతికి చెందిన కొన్ని బ్యాక్టీరియాల కణకవచం అఫ్లాటాక్సిన్‌ను తనకు అంటించుకుంటుందని ఫిన్లాండు శాస్త్రవేత్తలు 1990లలో చూపించారు. అలా అంటుకున్న విషంలో కొంత పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లకుండా పేడతో పాటు బయటికి పోయే అవకాశం ఉంటుంది. విచిత్రమేమిటంటే, వేడి చేసి చంపిన బ్యాక్టీరియా కూడా ఈ పని చేస్తుంది, కొన్నిసార్లు బతికున్నదాని కంటే మెరుగ్గానే చేస్తుంది. అంటే ఇక్కడ విషం విరగడం లేదు, అంటుకుని ఉంటోంది, అంతే. ఆ పట్టు కూడా గట్టిది కాదు, కడిగితే కొంత విషం మళ్లీ విడిపోతుంది. దక్షిణ చైనాలో 90 మంది యువకులకు అయిదు వారాల పాటు ఇలాంటి బ్యాక్టీరియా ఇచ్చినప్పుడు, అఫ్లాటాక్సిన్ శరీరానికి చేసే హానిని సూచించే పదార్థం వారి మూత్రంలో 55 శాతం దాకా తగ్గిందని 2006లో ప్రచురించారు. ఇది ఆశ కలిగించే ఫలితమే, అయినా అది మనుషుల సంగతి.

గేదె సంగతి వేరు. ప్రయోగశాలలో విషాన్ని బాగా పట్టి ఉంచడానికి మిల్లీలీటరుకు సుమారు వెయ్యి కోట్ల బ్యాక్టీరియా కావలసి వచ్చింది. మంచి పెరుగులో కూడా అంత సాంద్రత ఉండదు. పైగా మీరు పోసే రెండు లీటర్ల మజ్జిగ, వంద లీటర్లకు అటూఇటూగా ఉండే పెద్దపొట్టలోని మేతలో కలిసి మరింత పలచబడుతుంది. అన్ని రకాల లాక్టోబాసిల్లస్‌లకూ ఈ గుణం సమానంగా ఉండదు కూడా. ఏ రకమో చెప్పని పొడి మీద ఆశ పెట్టుకోవడం నా దృష్టిలో డబ్బు దండగ.

పాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. గేదె తిన్న బి1లో ఒకటి రెండు శాతం, బాగా పాలిచ్చే పశువుల్లో ఆరు శాతం దాకా, కాలేయంలో మార్పు చెంది ఎం1 అనే రూపంలో ఒకటి రెండు పూటల్లోనే పాలలోకి దిగుతుంది. పాలు కాచినా, తోడు పెట్టినా అది పోదు. మన దేశంలో పాలలో ఎం1 కిలోకు 0.5 మైక్రోగ్రాములకు, పశువుల మిశ్రమ దాణాలో బి1 కిలోకు 20 మైక్రోగ్రాములకు మించకూడదు.

కాబట్టి బూజు కనబడిన చెక్కను పక్కన పడేయండి. మంచి చెక్కలో కలిపి పలచన చేసే ప్రయత్నం వద్దు, కోళ్లకు, దూడలకు అసలే వద్దు. మిగిలిన బస్తాల్లో విషం ఒకచోట మెండుగా, మరొకచోట అసలు లేకుండా ఉండవచ్చు కనుక, ప్రతి బస్తా పైన, మధ్య, అడుగు భాగాల నుంచి పిడికెడు చొప్పున తీసి, పొడి చేసి, బాగా కలిపి అందులోంచి అరకిలో పరీక్షకు పంపండి. ఫలితం హద్దులోనే ఉండి, అయినా అనుమానం తీరకపోతే బెంటొనైట్ మట్టితో చేసిన టాక్సిన్ బైండర్‌ను (విషాన్ని పట్టి ఉంచే పొడిని) దాణాలో 0.5 నుంచి 1 శాతం వరకు పశువైద్యుడి సలహాతో కలపవచ్చు. అఫ్లాటాక్సిన్ విషయంలో దానికి ఉన్న రుజువు ప్రొబయోటిక్‌కు ఉన్నదానికంటే బలమైనది. ఆ చెక్కను ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే ఆపండి, నాలుగైదు రోజుల్లో పాలలోని ఎం1 దాదాపు పోతుంది. అప్పటిదాకా ఆ పాలను ఇంట్లో పిల్లలకు పోయకండి, పాల కేంద్రానికీ పంపకండి.