పాత ఎంఎక్స్-5 కొన్నావుగా, ఇవి చదువు

చిన్నా,

మాజ్దా ఎంఎక్స్-5, ఆ టాప్ దించే రెండు సీట్ల కారు, చేతికొచ్చిందని, వచ్చే నెలలోనే సీట్లు ఊడదీసి, సస్పెన్షన్ దించి, వీల్స్ మార్చేద్దామనుకుంటున్నావని రాశావు. అది చదివాకే ఇంత పొడుగు ఉత్తరం రాయాలనిపించింది. ముందు ఒక్కటే షరతు. ఆ కారు మీద ఏ పని పెట్టుకున్నా, శనివారం మొదలుపెట్టింది ఆదివారం రాత్రికల్లా బిగించేసి కారు మళ్ళీ రోడ్డెక్కేలా ఉండాలి. అంతకంటే పెద్ద పనైతే పార్టులన్నీ చేతికొచ్చి, చేసేవాడు దొరికి, డబ్బు పక్కన పెట్టాకే మొదటి బోల్టు విప్పు. ఇంజన్ ఒక మూల, సీట్లు ఇంకో మూల, నట్లూ బోల్టులూ డబ్బాల్లో పోసి "తర్వాత బిగిద్దాంలే" అని వదిలేసిన కార్లు చాలా చూశాను, వాటిలో మళ్ళీ నడిచినవి చాలా తక్కువ, మిగతావి పార్టుల కింద అమ్ముడుపోయాయి.

నీది మొదటి తరం కారు, ఎన్ఏ అంటారే అది. 1989లో షికాగో ఆటో షోలో మొదట చూపించారు, 1997 దాకా తయారయ్యాయి, నాలుగు లక్షలకు పైగానే ఉన్నాయి. కాబట్టి పార్టులు దొరకవేమోనన్న టెన్షన్ పెట్టుకోకు. మాజ్దా వాళ్ళే జపాన్‌లో ఈ కార్లను బాగుచేసి ఇచ్చే కార్యక్రమం ఒకటి పెట్టి, ఆపేసిన కొన్ని పార్టులు మళ్ళీ తయారుచేయిస్తున్నారు. ఇంజన్ గట్టిది, గేర్‌బాక్స్ గట్టిది. ఈ కారు ప్రాణం తీసేది తుప్పు. అందుకే అన్నిటికంటే ముందు నీళ్ళ సంగతి చూడు.

పైన గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్ళు వెనక అంచున ఉండే కాలువలోకి జారి, రెండు పక్కలా సీటు బెల్టుల వెనకున్న రంధ్రాల్లో దిగి, గొట్టాల గుండా వెనక చక్రాలకు కాస్త ముందు కారు కింద పడాలి. ఆ గొట్టాల్లో ఆకులూ మట్టీ పేరుకుంటే నీళ్ళు పొంగి, కార్పెట్ కిందికీ, సిల్ లోపలికీ చేరతాయి. సిల్ అంటే డోర్ కింద పొడుగ్గా పోయే ఇనుప పెట్టె, కారు బలంలో చాలా భాగం దానిదే. టాప్ దించి, ఒక్కో రంధ్రంలో నెమ్మదిగా మగ్గు నీళ్ళు పోసి కింద చూడు. ధారగా పడితే సరే. పడకపోతే మెత్తటి సన్న ప్లాస్టిక్ తీగతో కొంచెం కొంచెంగా శుభ్రం చెయ్యి, ఇనుప తీగతో పొడిచావంటే గొట్టం చిరుగుతుంది, పైనుంచి గాలి కొట్టావంటే గొట్టమే ఊడిపోతుంది, ఆ తర్వాత నీళ్ళన్నీ నేరుగా లోపలికే.

ఆ పని అయ్యాక సీట్ల వెనక కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా అదుము, తడి తగిలిందంటే నీళ్ళు ఎక్కడో ఆగిపోతున్నాయన్నమాట. తర్వాత చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టుకుని సిల్ వెంట, ముఖ్యంగా వెనక చక్రానికి ముందు కింది మూలలో, ఆనించుకుంటూ వెళ్ళు. పట్టు వదిలేసిన చోట పెయింట్ కింద పుట్టీ ఉన్నట్టే. (బానెట్ మీద అంటుకోకపోతే కంగారుపడకు, ఈ కారు బానెట్ అల్యూమినియం.) బయట పెయింట్ బుడగలు లేచిందంటే లోపలి పొర అంతకంటే ముందే తినేసి ఉంటుంది. అప్పుడు పుట్టీ పెట్టి రంగు వేయించడం డబ్బు దండగ, చెడిన ఇనుము మొత్తం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, లోపల మైనం లాంటి తుప్పు నిరోధకం కొట్టించాల్సిందే. ఆ పని తెలిసినవాడి దగ్గరే చేయించు, తక్కువకి చేస్తానన్నవాడి దగ్గర కాదు. జాకీ కూడా తుప్పు పట్టిన సిల్ అంచున పెట్టకు, లోపలికి కుంగిపోతుంది. ఎక్కడ లేపినా స్టాండ్లు వేయకుండా కిందికి దూరొద్దు, ఈ మాట మాత్రం నవ్వి తీసేయకు.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. దాని గాలి బయటికి పోవడానికి సన్న గొట్టాలు ఉంటాయి, అవి తగిలించుకునే రకం బ్యాటరీనే కొనాలి. మామూలు బ్యాటరీ పెడితే ఆ ఆవిరికి డిక్కీ అడుగు తుప్పుపడుతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఇక రబ్బరు, ప్లాస్టిక్, ఆయిళ్ళు. మీటర్ మీద కిలోమీటర్లు తక్కువున్నాయని మురిసిపోకు, ఇవి తిరగకపోయినా వయసుతో పోతాయి. టైమింగ్ బెల్ట్, అంటే ఇంజన్‌లో క్రాంక్, క్యామ్ షాఫ్టుల్ని కలిపి తిప్పే రబ్బరు బెల్ట్, లక్ష కిలోమీటర్లకు మార్చాలి, కానీ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క. ఎన్ఏ ఇంజన్లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కారు ఆగిపోతుందంతే. అలాగని తెగేదాకా ఆగకు. ముందు భాగం ఎలాగూ విప్పుతారు కాబట్టి వాటర్ పంప్, ఆ షాఫ్టుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే క్రాంక్ సీల్, క్యామ్ సీళ్ళు అదే విడతలో వేయించెయ్. రేడియేటర్ పైన నల్ల ప్లాస్టిక్ ట్యాంక్ రంగు తిరిగి పచ్చని గోధుమ రంగులోకి వచ్చిందంటే అది ఎప్పుడైనా పగలొచ్చు, దాంతోపాటే హోస్ పైపులూ మార్చు. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. టైర్ల పక్కన డాట్ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైనదని అర్థం. గాడి నిండుగా ఉన్నా సరే, వయసైపోయిన టైర్ తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. ఇంజన్ వెనక చక్రాలను తిప్పే తేలిక కారు ఇది, వెనక టైర్లు జారాయంటే క్షణంలో తిరిగిపోతుంది. వీల్స్ కోసం దాచిన డబ్బు ముందు టైర్లకు పెట్టు.

ఒక విషయం కొంచెం శ్రద్ధగా చదువు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ కారుతోందని, గేర్‌బాక్స్ దించి వెనక సీల్ మార్చాలని ఎవరైనా అనొచ్చు. ఒప్పుకునే ముందు టార్చ్ వేసి సిలిండర్ హెడ్ వెనక కొసన చూడు. అక్కడ క్యామ్ షాఫ్టు ఏ కోణంలో ఉందో చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది, దానికి వేలి ఉంగరమంత రబ్బరు ఓ-రింగ్. అది గట్టిపడితే ఆయిల్ హెడ్ వెనక నుంచి జారి సరిగ్గా గేర్‌బాక్స్ మీదే పడుతుంది, చూస్తే పెద్ద లీకులానే ఉంటుంది. దాన్ని మార్చి, అంతా కడిగి తుడిచి, కొన్ని రోజులు తిప్పి మళ్ళీ చూశాకే గేర్‌బాక్స్ మాట. సెన్సర్ తీసేముందు అది ఏ కోణంలో ఉందో గీత పెట్టుకో, అది కదిలితే ఇగ్నిషన్ టైమింగ్ మారిపోతుంది. అలాగే పొద్దున్నే స్టార్ట్ చేస్తే పైనుంచి టక్ టక్ మంటుందేమో, అది ఆయిల్ ఒత్తిడితో వాల్వుల్ని నొక్కే హైడ్రాలిక్ లిఫ్టర్ల చప్పుడు. ఆయిల్ మంచిది వేస్తే చాలావరకు తగ్గిపోతుంది, దానికోసం ఇంజన్ విప్పనివ్వకు.

1991లోదో అంతకు ముందుదో అయిన 1.6 లీటర్ ఇంజన్ అయితే క్రాంక్ పుల్లీ మధ్యలో గాడులు లెక్కపెట్టు. నాలుగుంటే ముందు కొస పొట్టిగా ఉండే షార్ట్ నోస్ క్రాంక్, ఎనిమిదుంటే తర్వాత వచ్చిన గట్టిది. షార్ట్ నోస్ అయితే బెల్ట్ మార్చేటప్పుడు ఆ ముందు బోల్టుని టార్క్ రెంచ్‌తో లెక్క ప్రకారమే బిగించాలి. అక్కడ వదులుంటే పుల్లీ జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క (కీ), దాని గాడి రెండూ అరిగి, పుల్లీ ఊగడం మొదలవుతుంది, అది చాలా ఖర్చు. మెకానిక్ "చేత్తో తెలిసిపోతుంది" అంటే ఇంకో మెకానిక్‌ని చూసుకో.

క్లచ్ ఉన్నట్టుండి నేలకంటితే భయపడకు. కింద ఉండే స్లేవ్ సిలిండర్ లీకవడం ఈ కార్లలో మామూలే, పైనుండే మాస్టర్ సిలిండరూ కిందదీ రెండూ ఒకేసారి మార్చెయ్.

ఇవన్నీ అయ్యాకే నీ సరదాలు. వద్దనను, సరదా లేకపోతే ఈ కారు ఎందుకు? కానీ తీసిన ప్రతి ఒరిజినల్ పార్టు, స్టీరింగ్, సీట్లు, వీల్స్, స్ప్రింగులు, శుభ్రం చేసి పేరు రాసి దాచు. కోసేది, వెల్డ్ చేసేది, బాడీకి రంధ్రం పెట్టేది వద్దు. తిరిగి బిగించుకోగలిగే మార్పులు ఎన్నైనా చేసుకో.

ఒక నోట్‌బుక్ పెట్టు. తేదీ, మీటర్ రీడింగ్, ఏం మార్చావు, ఏ కంపెనీ పార్టు, ఎవరు చేశారు. బిల్లు దాని వెనకే అతికించు. వెల్డింగ్ చేయిస్తే కోసినప్పటి ఫొటో, కొత్త రేకు పెట్టినప్పటి ఫొటో, రంగు వేయకముందు ఫొటో మూడూ తీసి ఉంచు. రంగు వేశాక మంచి పనీ చెడ్డ పనీ ఒకేలా కనిపిస్తాయి, అప్పుడు నీ మాట నమ్మడానికి కొనేవాడికి వేరే ఆధారం ఉండదు.

అమ్మడం గురించి ఇప్పుడే ఎందుకంటావేమో. ఇలాంటి కారుని చాలామంది విసుగు పుట్టాక, ఏదో ఒకటి చెడి ఆగిపోయాక అమ్ముతారు, అప్పుడు వచ్చేవాడు పాడైనదాని ధరే ఇస్తాడు. వాడకం తగ్గిపోతోందని, కడగడానికి కూడా బద్ధకంగా ఉందని నీకే అనిపించినప్పుడు, బండి బాగా తిరుగుతుండగానే అమ్మెయ్. ధర కట్టేటప్పుడు ప్రకటనల్లో అడుగుతున్న రేట్లు చూడకు, నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో కనుక్కో. నువ్వు పెట్టిన ఖర్చంతా కలిపి రేటు చెప్పకు, బెల్ట్ మార్చినందుకూ టైర్లు వేసినందుకూ ఎవరూ ఎక్కువ డబ్బు ఇవ్వరు, వాటివల్ల తొందరగా అమ్ముడవుతుంది, బేరం తక్కువ జరుగుతుంది. అదే వాటి ఫలం.

ప్రకటనలో లోపాలు నువ్వే ముందు రాయి. సిల్ కింద నుంచి తీసిన ఫొటోలు పెట్టు, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వీడియో పెట్టు. చూడ్డానికి వచ్చేరోజు ఇంజన్ ముందే వేడి చేసి ఉంచకు, తెలిసినవాడు బానెట్ మీద చెయ్యి వేసి చూసి వెంటనే అనుమానపడతాడు. వచ్చినవాడు కారు కిందికి దూరి చూస్తే సంతోషించు, అతనే కొంటాడు. ఏమీ చూడకుండా ఫోన్లోనే సగం ధరకి అడిగేవాడికి మర్యాదగా కాదని చెప్పి పెట్టెయ్. నడిపి చూస్తానంటే లైసెన్స్ చూసి, ఇన్సూరెన్స్ అతనికి వర్తిస్తుందో లేదో కనుక్కుని, పక్కన నువ్వు కూర్చో. డబ్బు ఖాతాలో పడిందని నువ్వే బ్యాంకు యాప్‌లో చూసుకున్నాక తాళం ఇవ్వు, అవతలివాళ్ళు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు. పేరు మార్పిడి కాగితాల మీద అదే రోజు సంతకాలు చేయించి, నీ కాపీలు దాచు, అది నీ పేరు మీద ఉన్నంతకాలం దాని చలాన్లు నీకే వస్తాయి. దాచిన ఒరిజినల్ పార్టులూ, నోట్‌బుక్కూ, రెండో తాళమూ కారుతోపాటే ఇచ్చెయ్, విడిగా అమ్ముకోకు.

ఎప్పుడు అమ్మినా ప్రకటన పెట్టేముందు నాకోసారి పంపు, చదివి చెబుతాను. ఈలోగా సిల్ ఫొటోలు రెండు పక్కలవీ తీసి పంపు, వెల్డింగ్ ముందా, బెల్ట్ ముందా అన్నది అవి చూశాక మాట్లాడుకుందాం.

మీ బాబాయ్