ఊచబియ్యం తియ్యదనం ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: సార్, మాది ఆలూరు దగ్గర పల్లె. సంక్రాంతి టైమ్‌కి మా నల్లరేగడి చేలో జొన్న కంకులు పాలు దాటి కాస్త గట్టిపడుతుంటే కోసి, కాల్చి, నలిపి ఊచబియ్యం తినేవాళ్లం. భలే తియ్యగా ఉండేవి. అదే చేలో పది రోజులు ఆగి గింజ నోట్లో వేసుకుంటే చప్పటి పిండి. ఆ తీపి ఏమైపోతుంది?

జవాబు: ఎక్కడికీ పోదు. ఆ గింజలోనే ఉంటుంది, కాకపోతే నాలుక గుర్తుపట్టని రూపంలో. ఆకుల్లో తయారైన చక్కెర (కాఫీలో వేసుకునే చక్కెరే, పేరు సుక్రోజ్) దంటు గుండా కంకికి చేరుతుంది. పూత అయిన మొదటి వారం గింజకు దాన్ని దాచుకోవడం ఇంకా చేతకాదు, కణాలు పెంచుకునే పనిలో ఉంటుంది. అదీ ఒక వింత పద్ధతిలో! ముందు కేంద్రకాలు మాత్రం గబగబా రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతూ పోతాయి, మధ్యలో గోడలుండవు, గదులు కట్టకుండానే కాపురాలు పెట్టేసినట్టు. గోడలు తర్వాత లేస్తాయి. గింజలో ఎంత పిండి పడుతుందో చాలావరకు అప్పుడే తేలిపోతుంది కాబట్టి, ఆ రోజుల్లో నేలలో పదును చాలకపోతే తర్వాత ఎంత వాన కురిసినా ఆ లోటు పూర్తిగా పూడదు.

ఆ తర్వాత పాలదశ. మీరు నొక్కితే వచ్చే ఆ తెల్లటి పాలు చక్కెర నీళ్లలో తేలుతున్న పిండి రేణువులే. ఈ దశలో ఎంజైములు సుక్రోజ్‌ను విడగొట్టి, ఏడీపీ గ్లూకోజ్ అనే ముడిసరుకు చేసి, దాంట్లోని గ్లూకోజ్‌ను ఒక్కొక్కటిగా గొలుసుకు తగిలిస్తూ పోతాయి. పెద్దగా కొమ్మలు లేని గొలుసైతే అమైలోజ్, గుబురుగా కొమ్మలేస్తే అమైలోపెక్టిన్, రెండూ కలిస్తే మన పిండి. ఆ గొలుసు పెద్దదైపోయాక నాలుక మీది తీపి పసిగట్టే చోట అది ఇమడదు, అందుకే చప్పన. ఊచబియ్యం తినే రోజులు సరిగ్గా మధ్యలో పడతాయి, నమలడానికి సరిపడా పిండి చేరి ఉంటుంది, చక్కెర ఇంకా మిగిలే ఉంటుంది. స్వీట్‌కార్న్ ఇంకో దారి, అందులో పిండి కట్టే జన్యువొకటి చెడిపోయి ఉంటుంది కాబట్టి చక్కెర అలాగే నిలుస్తుంది.

పిండితో పాటే ప్రోటీన్ కూడా చేరుతుంది. జొన్నలో ఎక్కువగా ఉండేది కెఫిరిన్, ఇది చిన్న ఉండల్లాగా విడివిడిగా కూర్చుంటుంది, గోధుమ ప్రోటీన్‌లాగా తడిస్తే సాగే వల కట్టదు. మన అమ్మలు జొన్న పిండిని వేడినీళ్లతో కలిపి రొట్టె తట్టేది అందుకే, వేడికి పిండి ఉబ్బి జిగురొస్తేనే రొట్టె విరగదు. ఇక గింజ నిండిందో లేదో చూడాలంటే దాన్ని ఊడదీసి అడుగు భాగం చూడండి. నల్లచుక్క కనబడితే సరఫరా మూసుకున్నట్టే, ఆ తర్వాత తగ్గేది నీరే గానీ చేరేది ఏమీ లేదు.

ప్రశ్న: కేసీ కాలువ కింద రెండో పంటగా వరి వేశాం. బియ్యంలో తెల్లమచ్చలు, మర పట్టిస్తే సగం నూకే. మందుల షాపులో తెగులన్నారు, రెండుసార్లు కొట్టాం, డబ్బులు పోయాయి తప్ప మార్పు లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది తెగులు కాదు, ఎండ దెబ్బ అనిపిస్తోంది. మీ వరి ఎప్పుడు ఈనిందో రాయలేదు గానీ, గింజ పాలు పోసుకునే రోజులు మార్చి ఆఖరుకు పడి ఉంటే కారణం అదే, ఎందుకంటే కర్నూలులో అప్పటికి పగలు 38 డిగ్రీలు దాటడం మామూలే, రాత్రి కూడా చల్లబడదు. వేడికి గింజ తొందరపడుతుంది, నిండాల్సిన రోజులు తగ్గిపోతాయి. పైగా పిండి కట్టే ఎంజైములు మందగిస్తాయి, పిండిని కరిగించే ఆల్ఫా అమైలేజ్ మాత్రం పెరుగుతుంది, అంటే ఒకవైపు గోడ కడుతుంటే ఇంకోవైపు ఇటుక పీకుతున్నట్టు. రేణువులు బిగువుగా అమరక మధ్యలో గాలి సందులు మిగులుతాయి. వెలుతురు అక్కడ చెదిరి తెల్లగా కనబడుతుంది, దాన్నే పొట్ట తెలుపు అంటారు. మరలో ఆ చోటే విరుగుతుంది.

ఇప్పుడు దీనికి మందు లేదు, కొనొద్దు. వచ్చేసారి నాట్లు ముందుకు జరపండి, లేదా తక్కువ రోజుల రకం వేసి ఎండ ముదరక ముందే గింజ నిండేలా చూసుకోండి. పాలదశలో నీళ్లు ఆపొద్దు. గింజ గట్టిపడ్డాక, కోతకు వారం పది రోజుల ముందు తీసేస్తే చాలు.

ప్రశ్న: నేను కర్నూలులో డిగ్రీ చదువుతున్నా. ఎండిన వడ్లగింజ బతికున్నట్టా, చచ్చినట్టా?

జవాబు: రెండూనమ్మా. గింజ నిండేకొద్దీ పిండి నిల్వ చేసే కణాలు వాటంతట అవే చచ్చిపోతాయి, పిండి మాత్రం చెక్కుచెదరదు. బతికుండేవి అడుగున ఉన్న పిండం, పిండిని చుట్టుకున్న అల్యూరోన్ అనే పల్చని పొర. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ వాటిని నిద్రపుచ్చుతుంది. ఈ నిద్ర పల్చగా ఉన్న రకాలే కోత టైమ్‌లో వాన పడితే వెన్ను మీదే మొలకెత్తేస్తాయి. నానబెడితే పిండం జిబ్బరెల్లిన్ అనే ఇంకో హార్మోన్ పంపుతుంది, ఆ పొర అమైలేజ్ వదులుతుంది, పిండి మళ్లీ చక్కెరవుతుంది. రాగులు మొలకట్టి చేసిన మాల్ట్ కమ్మగా, జావ పల్చగా ఉండేది దీనివల్లే. మీ ఇంట్లో తెల్ల బియ్యం ఎన్ని రోజులు నానబెట్టినా మొలక రాదు, మరలో పిండమూ ఆ పొరా తవుడుతో పోయాయి కదా.