నక్కిలీసుని నెక్లెస్‌గా మార్చి పాడాలా?

సందేహం: మాస్టారూ, మాది బరంపురం. ఉగాది కార్యక్రమంలో మా పాప ‘పలాస 1978’ సినిమాలోని ‘నాది నక్కిలీసు గొలుసు’ పాట పాడుతోంది. ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. రిహార్సల్ చూసిన పెద్దాయన ఒకరు “నక్కిలీసు ఏమిటమ్మా, నెక్లెస్ అని పాడించండి. నెక్లెస్ అన్నాక మళ్లీ గొలుసెందుకు? నాది కాదు, నా అనాలి” అన్నారు. యూట్యూబ్‌లో కవర్లు వింటే ఒక్కొక్కరు ఒక్కోలా పాడుతున్నారు. ఏది సరైనది? కవర్ సాంగ్‌కి తెలుగు మాట ఉందా? పాపకి ఒకటే టెన్షన్.

సమాధానం: అమ్మా, ముందు పాపకి టెన్షన్ వద్దని చెప్పండి. నక్కిలీసు అనే పాడాలి. ఆ పెద్దాయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు గానీ ఆయన చెప్పిన మూడు దిద్దుబాట్లలో ఏ ఒక్కటి చేసినా పాట దెబ్బతింటుంది.

ఒకసారి మాత్రలు, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం కొలతలు, లెక్కపెట్టి చూడండి. గురువుకి రెండు, లఘువుకి ఒకటి. ‘నాది’ మూడు మాత్రలు. ‘నక్కి’ మూడు, ‘లీసు’ మూడు, ‘గొలుసు’ మూడు. మూడేసి మాత్రల గణాలు నాలుగు, ఒక్క మాత్ర ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఛందస్సు చదువుకున్నవాళ్లు ఇంకో సంగతి కూడా గమనిస్తారు. నాది, నక్కి, లీసు మూడూ హగణాలు, గొలుసు నగణం, అంటే నాలుగూ సూర్యగణాలే. హయప్రచార రగడ అనే ఛందస్సుకి పాదానికి నాలుగు త్రిమాత్రా గణాలు కావాలని లక్షణం చెబుతుంది. యతిప్రాసల మాట పక్కన పెడితే ఆ కొలత ఇక్కడ చక్కగా సరిపోయింది. ఈ పాట అసలు ఉత్తరాంధ్ర జానపదం. ఛందస్సు పుస్తకం తెరవకుండానే ఆ జనం నోట ఇంత కచ్చితమైన లెక్క పలికిందంటే నాకు ఎన్నిసార్లు విన్నా సంబరంగానే ఉంటుంది.

ఇప్పుడు నెక్లెస్ పెట్టి చూడండి. ‘నె’ తర్వాత సంయుక్తాక్షరం ఉంది కాబట్టి అది గురువు, ‘లెస్’ చివర పొల్లు ఉంది కాబట్టి అదీ గురువు, మొత్తం నాలుగు మాత్రలు. ఆరు ఉండాల్సిన చోట నాలుగే వచ్చాయి, కాబట్టి దరువు ముందుకు పోతుంటే మాట వెనకబడుతుంది. ‘నెక్లేసు’ అని సాగదీసినా ఐదే. ఆరూ నింపాలంటే ‘నెక్కులేసు’ అనాల్సిందే, అంటే దిద్దబోయినవాళ్లు కూడా చివరికి జానపదుడు చేసిన పనే చేస్తారు. క, ల మధ్య ఒక అచ్చు చేర్చి, క్‌ని క్క చేసి, చివర ‘ఉ’ పెడతారు.

ఆ పని తప్పేమీ కాదు, తెలుగు ఎప్పటినుంచో చేస్తున్నదే. సంయుక్తాక్షరాన్ని విడదీసి మధ్యలో అచ్చు చేర్చడాన్ని స్వరభక్తి అంటారు. రత్నం రతనమైంది, యత్నం జతనమైంది, శ్రీ సిరి అయింది. వీటిని తద్భవాలని గౌరవంగా పిలుచుకుంటున్నాం, సిరి అని పిల్లలకి పేరు పెట్టుకుంటున్నాం. సంస్కృతం మాటకి ఇచ్చిన మర్యాద ఇంగ్లీషు మాటకి ఎందుకివ్వం? గ్లాసుని గలాసు, బ్లేడుని బిలేడు అన్న నోరే నెక్లెస్‌ని నక్కిలీసు అంది. టిక్కెట్టులో క ఒత్తినట్టే ఇక్కడా ఒత్తింది, దానివల్ల మొదటి అక్షరం బరువు చెక్కుచెదరలేదు. చదువు రాక తప్పు పలికారని అనుకోవడం అన్యాయం. భాష తన నియమం ప్రకారం మాటని సొంతం చేసుకుంది, అంతే.

పాపకి నిజంగా నేర్పాల్సింది వేరే ఉంది, మన గంజాం, గజపతి, రాయగడ వైపు పిల్లలందరికీ అవసరమైన సంగతి. ఒడియా మీడియం పిల్లలు తెలుగు పాటని ఒడియా లిపిలో రాసుకుంటారు. మీ పాపా అలాగే రాసుకుందేమో నోటు పుస్తకం ఒకసారి చూడండి. ఒడియా లిపిలో ఎ, ఏ లకి వేరువేరు గుర్తులు లేవు, ఒ, ఓ లకీ లేవు. గొలుసు అని రాసినా గోలుసు అని రాసినా అక్కడ ఒకే రూపం. అది చూసి పాడే పిల్ల ‘గోలుసు’ అంటే మూడు మాత్రల గణం నాలుగైపోతుంది. ‘లీ’ సంగతి ఇంకోలా ఉంటుంది. ఒడియా రాతలో ఇ, ఈ తేడా ఉంది గానీ పలుకుబడిలో లేదు, అందుకని లీసు కాస్తా ‘లిసు’ అయి ఒక మాత్ర పోతుంది. మొదటి ‘న’ కూడా ఒడియా అకారం లాగా గుండ్రంగా ‘నొ’కి దగ్గరగా పలుకుతారు. వాళ్ల చదువు ఒడియాలో సాగుతోంది, ఆ భాషకి అది సహజం, పిల్లల్ని కోప్పడకండి. పాట మాత్రం తెలుగు లిపిలోనే రాయించండి. తెలుగు రాయడం ఇంకా రాకపోతే ఒడియా అక్షరాల మీదే దీర్ఘం ఉన్నచోట ఒక గీత పెట్టించినా చాలు.

‘నక్కిలీసు గొలుసు’ పునరుక్తి అన్నమాటకి వస్తే, కాదు. మర్రి అంటే చెట్టేగా, మర్రిచెట్టు అనడం మానేశామా? గంగ నదేగా, గంగానది అంటున్నాం కదా? పేరు ముందు, జాతి వెనక. వ్యాకరణంలో దీన్ని సంభావనా పూర్వపద కర్మధారయం అంటారు, నక్కిలీసు అనే గొలుసు అని విగ్రహవాక్యం. అయినా నిజంగా పునరుక్తే అయిన మాటలు మన చుట్టూ హాయిగా బతుకుతున్నాయి. మీ బరంపురం బేకరీలో అడిగే పావురుటి అలాంటిదే. పోర్చుగీసు నుంచి వచ్చిన పావుకీ, రుటికీ అర్థం ఒకటే. ఎవరూ దాన్ని దిద్దరు.

‘నాది’ విషయంలో ఆయన అనుమానం కొంత సబబైనదే. వచనంలో ‘నాది ఫోను పోయింది’ అని రాస్తే ‘నా ఫోను’ అని నేనూ దిద్దుతాను. కానీ ఇక్కడ ‘నాది నక్కిలీసు గొలుసు’ అన్నది క్రియ లేని పూర్తి వాక్యం. మీరు ఉత్తరం మొదట్లోనే ‘మాది బరంపురం’ అని రాశారు చూడండి, అదే నిర్మాణం. ‘మా బరంపురం’ అని ఉంటే ఆ వాక్యానికి వేరే ముగింపు కావాల్సి వచ్చేది.

ఇక కవర్ల గోల, అంటే ఒకరు పాడిన పాటని ఇంకొకరు మళ్లీ పాడటం. 2020లో వచ్చిన ఆ సినిమాకి సంగీతం ఇచ్చి, ఈ పాట పాడింది రఘు కుంచె. పాట మాత్రం ఉత్తరాంధ్ర జానపదం. అంటే సినిమాలో వచ్చినదే ఒక రకంగా కవరు, దాని మీద ఊళ్లో ఆర్కెస్ట్రాలు, ఫోన్లలో పిల్లలు పాడుతున్నవి కవర్ల మీద కవర్లు. కాబట్టి ఒక్కొక్కరు ఒక్కోలా పాడటంలో వింత లేదు, జానపదానికి పాఠాంతరాలు ఉంటాయి. మార్చకూడదని నేను అనను. పెళ్లయినావిడ ఎవరైనా ‘నాది నల్లపూస గొలుసు’ అని పాడిందనుకోండి, నల్ల మూడు, పూస మూడు, లెక్క సరిపోయింది, నగ కూడా మన ఇళ్లలో ఉన్నదే. అలా మారిస్తే జనం ఒప్పుకుంటారు. లెక్క తెలియకుండా ‘శుద్ధి’ కోసం మార్చడమే నాకు నచ్చనిది. కవర్ సాంగ్‌ని కవర్ పాట అనండి, సరిపోతుంది, కొత్త మాట పుట్టించే పని లేదు.

మన పర్లాకిమిడిలో 1880లో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల నోట విని సవర భాష నేర్చుకున్నారు, ఆ వ్యాకరణం 1931లో అచ్చయింది. ముందు జనం నోట ఏముందో వినడం ఆయన పద్ధతి. పుస్తకాల్లో రాయడానికి ఆయన కోరింది శిష్టజనుల వాడుకనే, అది కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి పాప పరీక్షలో నగల మీద వ్యాసం రాస్తే నెక్లెస్ అనే రాయమనండి. వేదిక మీద నక్కిలీసు.

కార్యక్రమ పత్రం అచ్చు వేసేటప్పుడు కూడా పాట పేరు ‘నాది నక్కిలీసు గొలుసు’ అనే ఉండాలి, ‘లీ’కి దీర్ఘంతో, ‘గొ’కి దీర్ఘం లేకుండా. పక్కన ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని వేయించడం మరిచిపోకండి.