కాటు గుర్తు లేకపోతే పాము కరవలేదని అర్థమా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, సారవకోట మండలం. నవంబరులో కళ్లం దగ్గర కాపలాకు నేల మీద పడుకున్న మా బావగారు (36 ఏళ్లు) తెల్లవారుజామున 3 గంటలకు కడుపు నొప్పితో లేచి రెండుసార్లు వాంతి చేసుకున్నారు. గ్యాస్ మాత్ర వేశాం. రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంటే పసరు పోయించాం. 7 గంటలకు ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదన్నారు. ఒంటి మీద కాటు గుర్తు లేదు. విసెరా పరీక్షలో (శవపరీక్షలో తీసిన లోపలి అవయవాల భాగాలకు చేసే రసాయన పరీక్ష) విషం లేదని వచ్చింది. ఊళ్లో పురుగుమందు తాగాడంటున్నారు. అక్క, పిల్లలు ఇప్పటికీ వసారాలో ధాన్యం బస్తాల పక్కన నేల మీదే పడుకుంటున్నారు. అసలు కారణం తేలేదెలా?

జవాబు: మీ బావగారిని నేను పరీక్షించలేదు, శవపరీక్ష నివేదికనూ చూడలేదు; కాబట్టి ఇది పాము కాటేనని ధ్రువీకరించలేను. అయితే నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పితో, వాంతులతో లేవడం, ఆపై రెప్పలు వాలడం, మాట ముద్దబారడం, చివరకు ఊపిరి ఆగడం అనే ఈ వరుస వింటే ఈ ప్రాంతపు వైద్యులెవరికైనా ముందుగా కట్లపామే గుర్తుకు వస్తుంది. దాని కోరలు చిన్నవి. కరిచిన చోట నొప్పి, వాపు చాలాసార్లు ఉండవు. చీమ కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోయేవారూ ఉంటారు. గుర్తు లేదన్న ఒక్క కారణంతో పాము కాటును తోసిపుచ్చలేం.

విసెరా నివేదికను కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఆ రసాయన పరీక్ష ప్రధానంగా పురుగుమందులు, మద్యం, మత్తుమందుల వంటి వాటిని వెతుకుతుంది. పాము విషం ప్రోటీన్ల మిశ్రమం కాబట్టి దాన్ని పట్టుకోవడానికి ఎలైసా వంటి వేరే పరీక్ష అవసరం, అది అన్ని కేసుల్లోనూ చేసేది కాదు. అందువల్ల ఆ నివేదిక పాము కాటు కాదని చెప్పడం లేదు. పురుగుమందు తాగారన్న ఊరి మాటనే అది చాలావరకు బలహీనపరుస్తోంది. శవపరీక్ష నివేదికలో కడుపులోని పదార్థం వాసన గురించి, గుండె, మెదడు గురించి ఏం రాశారో చూడండి. రక్తపింజరి కాటైతే అవయవాల్లో రక్తస్రావం, కిడ్నీల దెబ్బ కనిపించే అవకాశం ఉంటుంది గానీ, కట్లపాము విషం నరం కండరాన్ని కదిలించే చోట పనిచేసి ఊపిరిని ఆపుతుంది కనుక శరీరాన్ని కోసి చూసినా ప్రత్యేకంగా ఏమీ దొరక్కపోవచ్చు. అలాంటి మరణాల్లో లక్షణాల వరుసే ముఖ్యమైన ఆధారం. ఆయన కంటిపాపలు సూదిమొనంత చిన్నవయ్యాయా, నోటి నుంచి చొంగ కారిందా, ఒళ్లంతా చెమట పట్టిందా అన్నవి పురుగుమందు వైపు చూపే లక్షణాలు. అవి ఉన్నా లేకున్నా ఉన్నది ఉన్నట్టు, గంటల వారీగా రాసి దర్యాప్తు అధికారికి ఇచ్చి, శవపరీక్ష చేసిన వైద్యుల తుది అభిప్రాయం కోరండి.

ఇంతకంటే నన్ను కలవరపెట్టింది 3 గంటలకూ 7 గంటలకూ మధ్య గడిచిన సమయం. మీ దుఃఖం పెంచాలని కాదు గానీ ఈ మాట చెప్పక తప్పదు. రెప్పలు వాలిన మనిషికి మింగే కండరాలు కూడా సడలిపోతుంటాయి. అప్పుడు పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. పైగా అదే పసరు కడుపులో చేరి, తర్వాత శవపరీక్ష చేసే వైద్యులను తికమకపెట్టవచ్చు. విషం పనిచేశాక యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పక్షవాతాన్ని వెంటనే వెనక్కి తిప్పలేకపోవచ్చు, అందుకే తొందరగా చేర్చడం అవసరం. అయినా వెంటిలేటర్‌పై కొన్ని రోజులు ఊపిరి అందిస్తే కోలుకుని ఇంటికి వెళ్లినవారు ఉన్నారు. కళ్లు తెరవలేక, వేలు కదపలేక పడి ఉన్న రోగి లోపల స్పృహతోనే ఉండవచ్చు కాబట్టి, ప్రాణం పోయిందని ఇంట్లోవాళ్లు నిర్ణయించకూడదు. నేల మీద పడుకున్నవారు అర్ధరాత్రి దాటాక కారణం తెలియని కడుపు నొప్పితో లేస్తే గ్యాస్ మాత్రతో ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రెప్పలు వాలేదాకా చూస్తూ ఉండకండి.

ఇక మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. ధాన్యం బస్తాలకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. కారణం ఏదని తేలినా, తేలకపోయినా, మీ అక్కగారినీ పిల్లలనూ ఈ రాత్రికే మంచాల మీదకు మార్చి, దోమతెర అంచులను పరుపు కిందికి దోపించి, బస్తాలను వసారా నుంచి తీయించండి.