అమ్మాయి కోడ్ చూసి రాస్తోందని దిగులు పడకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివింది, ఇప్పుడు బీసీఏ రెండో ఏడు. యూట్యూబ్‌లో కోడ్ చూసి ఫోన్‌లోనే పైథాన్ ప్రోగ్రాములు రాస్తుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బంధువులబ్బాయి మొన్న వచ్చినప్పుడు అందరి ముందూ సొంతంగా రాయమంటే రాయలేకపోయింది. డాక్యుమెంటేషన్ (ఏ కమాండ్ ఎలా పనిచేస్తుందో ఇంగ్లిష్‌లో చెప్పే అధికారిక వివరణ) చదవడం రాకపోతే ఈ లైన్‌లో నిలబడలేరని అతనన్నాడు. ఆ ఇంగ్లిష్ అమ్మాయికి ఎక్కడం లేదు. అప్పు చేసైనా హైదరాబాద్‌లో మూడు నెలల ఫుల్ స్టాక్ కోర్సులో (వెబ్‌సైట్ పనంతా, కనిపించే పేజీల నుంచి వెనకుండే డేటాబేస్ దాకా నేర్పేది) చేర్పించమంటారా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, ఒడియా మీడియంలో చదివించి పిల్లకు అన్యాయం చేశామేమోనన్న బాధ మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. బరంపురం, రాయగడ, గుణుపురం వైపు తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు. మీరు అన్యాయమేమీ చేయలేదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగిన పిల్లకు కొత్త భాష పట్టుకోవడం ముందే అలవాటై ఉంటుంది.

మొదట్లో చూసి రాయడం మంచి పద్ధతే. స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు బీజగణితం మీద చేసిన పరిశోధన 1985లో వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు లెక్కలతో ఒంటరిగా కుస్తీ పట్టడం కన్నా, చేసి చూపించిన లెక్కల్ని శ్రద్ధగా చదివితే త్వరగా నేర్చుకుంటారని అందులో తేలింది. అంతదాకా ఎందుకు, మీ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర భాష ఎలా నేర్చుకున్నారు? తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆ మాటలు విని నేర్చుకున్నారు. దాని వ్యాకరణం ఆయన రాసింది ఆ తర్వాతే.

అయితే ఉదాహరణ ఒక దారే చూపిస్తుంది. మార్కుల లిస్టుకు సార్ట్ (వరసలో సర్దే కమాండ్) పెట్టి, ఫలితాన్ని కొత్త పేరులో దాచి ప్రింట్ చేయమనండి. ‘నన్’ (None, అంటే ఏమీ లేదు) అని వస్తుంది. వీడియో ఎన్నిసార్లు చూసినా కారణం దొరకకపోవచ్చు. డాక్యుమెంటేషన్‌లో మాత్రం ఉంటుంది: సార్ట్ ఉన్న లిస్టునే సర్దుతుంది, కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ వాడాలి. పాత వీడియోలతో ఇంకో చిక్కు. 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయిన పైథాన్ 2లో ప్రింట్‌కు బ్రాకెట్లు అక్కర్లేదు. ఆ కోడ్ ఇప్పుడు అలాగే రాస్తే ఎర్రరే.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు. అది కథల పుస్తకాల ఇంగ్లిష్ కాదు. రిటర్న్స్, రెయిజెస్, డిఫాల్ట్, ఆప్షనల్, డిప్రికేటెడ్ లాంటి మాటలే తిరిగి తిరిగి వస్తాయి. ఇలాంటివి ఒక ఇరవై నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలా వాక్యాలు విడిపోతాయి. బహుశా అమ్మాయి నేరుగా లైబ్రరీ రిఫరెన్స్ తెరిచి ఉంటుంది. అది అవసరమైనప్పుడు వెతుక్కునేది, మొదటి పేజీ నుంచి చదివేది కాదు. పైథాన్ సైట్‌లోనే ట్యుటోరియల్ వేరుగా ఉంది, అక్కడ మొదలుపెట్టాలి. నెట్ లేకపోయినా పైథాన్‌లోనే హెల్ప్ అని రాసి, బ్రాకెట్లలో ఫంక్షన్ పేరు పెడితే వివరం వచ్చేస్తుంది.

ఇక మూడు నెలల ఫుల్ స్టాక్. నాకు దాని మీద నమ్మకం లేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, సర్వర్, డేటాబేస్ అన్నీ మూడు నెలల్లో అంటే ఏదీ ఒంటబట్టదు. ఇలాంటి చాలా చోట్ల బ్యాచ్ మొత్తానికీ ఒకే ప్రాజెక్టు చేయిస్తారు. అందరి రెజ్యూమేలోనూ అదే షాపింగ్ సైట్. ఇంటర్వ్యూలో ‘ఈ లైన్ ఎందుకు రాశావు?’ అని అడిగితే పిల్లలు గుడ్లు తేలేస్తున్నారు. ఏఐతో మొత్తం కోడ్ రాయించుకునేవాళ్లకూ అదే గతి పడుతోంది. ఏఐని అడగొద్దని నేననను. అర్థం కాని లైన్‌ను తెలుగులోనో ఒడియాలోనో విడమర్చమని అడగనివ్వండి, ఆ తర్వాత డాక్యుమెంటేషన్‌తో సరిచూసుకోమనండి.

మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు. బంధువుల ముందు కూర్చోబెట్టి కోడ్ రాయమనడం ఏం పనండీ? పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా వెనక నలుగురు నిలబడితే తడబడతారు. ఆ పూట పిల్ల నేర్చుకున్నది భయం ఒక్కటే. ఇకపై ఎవరి ముందూ ఆ పరీక్ష పెట్టకండి. ఆ అబ్బాయి తప్పు చెప్పలేదు, కానీ తన ఉద్యోగానికి కావలసింది రెండో ఏడు చదివే పిల్లకు చెప్పాడు.

అమ్మాయికి చెప్పండి: చూసి రాసిన ప్రోగ్రాములో రోజూ ఒక్క లైన్ మార్చి, ఏమవుతుందో ముందే నోట్‌బుక్‌లో రాసుకుని, అప్పుడు రన్ చేయాలి. అనుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి అయితే ఆ ఒక్క ఫంక్షన్ గురించే డాక్యుమెంటేషన్ తెరవాలి. అప్పు మాత్రం చేయకండి. పైథాన్ నేర్చుకోవడానికి 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ సరిపోతుంది. ఫోన్ తెర మీద ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన పిల్లకు ముందు అది కొనిపెట్టండి.