ల్యాబులో అడుగు పెట్టబోతున్న మేనకోడలు పిల్లకు

చిరంజీవి మేనకోడలు పిల్లను ఆశీర్వదించి ఒంగోలు నుంచి మీ అత్త రాస్తున్న ఉత్తరం.

నీకు బెంగళూరులో పిహెచ్‌డి సీటు వచ్చిందని మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేసి చెప్పాడు. సంతోషంగానే మొదలుపెట్టాడు గానీ, చేతికొచ్చిన బ్యాంకు ఉద్యోగం వదులుకుని ఇంకో అయిదేళ్లు చదువేమిటక్కా అంటూ చివరికి గొంతు తగ్గించాడు. వాడికి నేను సర్దిచెప్పాను. వాడి దిగులు నీ జీతం గురించి. నా దిగులు వేరే ఉంది. అది నీతో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నీళ్లలోని ఫ్లోరైడును పట్టి ఉంచే పదార్థాల మీద పనట, సగం కంప్యూటరు లెక్కలు, సగం ల్యాబులో ప్రయోగాలట. వినగానే ఎంత గర్వం కలిగిందో ఎలా చెప్పను! మన దేశంలో మనుషులకు ఫ్లోరైడు ఎక్కువై పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరోసిస్ జబ్బు వస్తోందని షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లో వైద్య పత్రికలో రాసినప్పుడు వాళ్లు చూపించింది మన ప్రాంతపు ఊళ్లనే. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు కేంద్రంగా మన జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. జిల్లా మారినంత తేలిగ్గా బావుల్లో నీళ్లు మారలేదు. పొదిలి దగ్గర ఉండే మా అమ్మమ్మను నువ్వు చూడలేదు. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. పళ్ల మీద గోధుమరంగు గార, వంగని నడుము. ముసలితనం అనుకునేవాళ్లం, ఆమెకు అప్పటికి యాభై కూడా నిండకపోయినా. ఆమె మునిమనవరాలు ఇవాళ ఆ నీళ్ల మీదే పరిశోధనకు వెళుతోంది.

ఇక పని మాటకొద్దాం. కళ్లద్దాలు పెట్టుకో, జడ ముడి వేసుకో, ల్యాబులో ఏమీ తినకు, తాగకు. ఇవి నీకు తెలిసినవే. నన్ను భయపెట్టేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. రాతి పొడిని కరిగించడానికో, నీ పదార్థాన్ని తయారుచేయడానికో అది ఏదో ఒక రోజు నీ బల్ల మీదికి రావచ్చు. సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే వెంటనే భగ్గుమంటుంది, చెయ్యి లాక్కుంటావు. పలచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పడితే గంటల తరబడి నొప్పే తెలియకపోవచ్చు. ఈలోగా అది చర్మం దాటి లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుని ఎముక దాకా పోతుంది. ఎక్కువ మోతాదులో పడితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోవచ్చు. ఈ ఆమ్లంలో ఉండే ఫ్లోరిన్ మూలకాన్ని విడదీయబోయి బెల్జియంలో లూయే, ఫ్రాన్సులో నిక్లెస్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఐర్లండులో నాక్స్ సోదరులు తీవ్రంగా జబ్బుపడ్డారు. చివరికి 1886లో మోయిసాన్ సాధించాడు, 1906లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పుస్తకాల్లో మోయిసాన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నువ్వు మిగతా పేర్లు కూడా గుర్తుపెట్టుకో.

ఆ ఆమ్లం ఉన్న గదిలో దానికి విరుగుడుగా రాసే కాల్షియం గ్లూకొనేట్ జెల్ ఎక్కడ ఉందో, దాని గడువు తేదీ ఏమిటో చూడకుండా సీసా మూత తీయవద్దు. ఆ ఆమ్లం గాజును కూడా తినేస్తుంది, ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి. రాత్రిపూట ఒక్కదానివే ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోనని నాకు మాటివ్వాలి. చుక్క పడిందన్న అనుమానం వచ్చినా సరే, నీళ్లతో బాగా కడిగి, జెల్ రాసుకుని, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆ ఆమ్లం పేరు స్పష్టంగా చెప్పు. ఊరికే యాసిడ్ అంటే మామూలు కాలిన గాయమనుకుని కట్టు కట్టి పంపించేయగలరు. ఆడపిల్లవని అంటున్న మాట కాదిది. అబ్బాయివైనా ఇంతే గట్టిగా చెప్పేదాన్ని.

ఇప్పుడు మీ మామయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఆయన నీకెప్పుడూ చెప్పి ఉండడు. కోడలికి రాయనా అని అడిగితే, తప్పకుండా రాయి, అది చేసింది నేనేనని రాయి అన్నాడు.

పెళ్లికి ముందు మేమిద్దరం ఒకే ల్యాబులో, పక్కపక్క బల్లల మీద పనిచేసేవాళ్లం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును అడుగుకు దింపే నల్గొండ పద్ధతి అప్పటికే వాడుకలో ఉంది. ఆయన దాన్ని కాస్త మార్చి, కనిగిరి వైపు ఒక ఊళ్లో డ్రమ్ము పెట్టించాడు. ఆ ఊరి బోరు నీళ్లలో లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల పైచిలుకు ఫ్లోరైడు ఉండేది. తాగే నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే లేకపోతే ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. డ్రమ్ము నుంచి వచ్చిన నీళ్లకు, ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడు 0.7 చూపించింది.

ఆ ఎలక్ట్రోడులో ఉండేది లాంథనమ్ ఫ్లోరైడు స్ఫటికం. ఫ్లోరైడు పది రెట్లు మారితే, 25 డిగ్రీల దగ్గర, వోల్టేజి 59 మిల్లీవోల్టులు మారాలని సిద్ధాంతం చెబుతుంది. ఫ్లోరైడు ఎంతుందో ముందే తెలిసిన ప్రమాణ ద్రావణాలతో ఆయన గీసిన గీత దాదాపు అంతే వాలుతో వచ్చింది. చుక్కలన్నీ గీత మీదే ఉన్నాయి. ఆ కాగితాన్ని ల్యాబులో అందరికీ చూపించి మురిసిపోయాడు.

అయితే ఆ స్ఫటికానికి తెలిసేది నీళ్లలో విడిగా తిరుగుతున్న ఫ్లోరైడు మాత్రమే. పటిక వేసిన నీళ్లలో కొంత అల్యూమినియం మిగిలిపోతుంది. అది ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటుంది, ఎలక్ట్రోడు కంట పడనివ్వదు. ఆ పట్టు విడిపించడానికే, కొలిచే ముందు నీళ్లలో పోసే బఫరు ద్రావణంలో సీడీటీఏ అనే పదార్థం కలుపుతారు. ఆ నెల ల్యాబులో అది అయిపోయింది. కొత్త డబ్బా రావడానికి వారాలు పడుతుంది, నివేదిక గడువేమో దగ్గరపడింది. ఎసిటేటు, ఉప్పు కలిపిన బఫరుతోనే కానిచ్చేశాడు. ప్రమాణ ద్రావణాల్లో అల్యూమినియం ఉండదు కనుక గీత ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. ఆ గీతను చూసుకునే ధైర్యపడ్డాడు.

ఊరి రచ్చబండ దగ్గర నిలబడి, ఈ నీళ్లు నిశ్చింతగా తాగండి అని చెప్పాడు. వాళ్లు నమ్మారు. పసిపిల్లలకు కూడా అవే పట్టారు. వేసవి పోయింది, వానలు పోయాయి.

చివరికి ఆయనే పట్టుకున్నాడు. థీసిస్ రాసుకుంటూ, ఒక పట్టికలో ఖాళీ నింపడానికి, డ్రమ్ము నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడును తనే కలిపి కొలిచాడు. రీడింగు ఒకటి పెరగాలి. సగం కూడా పెరగలేదు. కలిపినదాంట్లో మిగతాది ఏమైంది? ఇంకోసారి చేశాడు, అంతే. ఆ సాయంత్రం ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమ్లం వేసి నీళ్లను స్వేదనం చేసి, ఆ వచ్చినదాన్ని కొలిస్తే అసలు ఫ్లోరైడు రెండున్నర దగ్గర తేలింది. అంత చిన్న పరీక్ష మొదటి రోజే చేయగలిగినది. గడువు ముంచుకొస్తోందని తర్వాత చేద్దాంలే అనుకున్నాడు.

నివేదికను సవరించి పంపితే సరిపోతుందని పైవాళ్లు అన్నారు. ఆయన బస్సెక్కి ఊరికి వెళ్లాడు, వెంట నేనూ వెళ్లాను. అదే రచ్చబండ దగ్గర, నేను చెప్పింది తప్పు, ఈ నీళ్లు ఆపేయండి అన్నాడు. ఎవరూ తిట్టలేదు. ఒక పెద్దావిడ మాత్రం, "మరి నా మనవడు ఇన్నాళ్లూ తాగినవి?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. ఆ ఊరికి ట్యాంకరు నీళ్లు వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు, థీసిస్ ఏడాది వెనకబడింది. ఈయన్నే చేసుకోవాలని నేను తిరుగు ప్రయాణంలో, ఆ బస్సులోనే అనుకున్నాను. మీ నాన్నకు కూడా తెలియని మాట ఇది.

కాబట్టి కోడలా, ఏ పరికరం ముందు కూర్చున్నా అది దేన్ని చూడగలదు, దేన్ని చూడలేదు అని ముందు అడుగు. నీకు నచ్చిన అంకె వచ్చిన రోజున ఇంకా గట్టిగా అడుగు. నచ్చని అంకెను ఎవరైనా పదిసార్లు సరిచూస్తారు. తెలిసినంత కలిపి అది తిరిగి కనిపిస్తోందో లేదో చూడు, ఇంకో పద్ధతిలో కొలిచి చూడు. ఆ తర్వాతే ల్యాబు గడప దాటించు.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని తయారుచేశారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే అంత భాస్వరం. కండరాల రసంతో చేసినప్పుడు ఆ రంగు రావలసినంత త్వరగా రాలేదు, మెల్లగా వచ్చింది. ఇంకొకరైతే ఆ నమూనా పాడయిందని పారబోసి ఉండేవారు. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండరంలో భాస్వరం ఇంకో పదార్థంతో ముడిపడి ఉందని, అది మెల్లగా విడిపోతోందని కనిపెట్టి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రపంచానికి చెప్పారు. అంకె అడ్డం తిరిగిన చోట కాసేపు ఆగినందువల్ల దొరికిన సంగతి అది.

నేను ల్యాబు మనిషినే అయినా నీ కంప్యూటరు లెక్కల గురించి కూడా ఒక మాట చెప్పగలను. ఫ్లోరైడు అయాను నీటి అణువులను చాలా గట్టిగా చుట్టూ పెట్టుకుంటుంది. వాటిని వదిలించుకుని నీ పదార్థానికి అంటుకోవాలంటే దానికి బోలెడు శక్తి ఖర్చవుతుంది. ఒక ఉపరితలం, ఒక ఫ్లోరైడు, చుట్టూ శూన్యం పెట్టి లెక్క కడితే బంధం అద్భుతంగా కనిపిస్తుంది. మన బోర్లలో శూన్యం ఎక్కడుంది? నీళ్లున్నాయి, బైకార్బనేటు ఉంది, ఇంకా ఎన్నో లవణాలున్నాయి. స్వేదనజలంలో సోడియం ఫ్లోరైడు కలిపి పరీక్షించి ఊరుకోకు. ఆ ఉపరితలం మీద చోటు కోసం బైకార్బనేటు కూడా పోటీ పడుతుందని మరచిపోకు.

అసలు కంప్యూటరు తెరవకముందు కాగితం మీద కాల్షియం ఫ్లోరైడు లెక్క ఒకటి వేసుకో. అది నీళ్లలో కరిగేది కొంచెమే కాబట్టి, కాల్షియం ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఒక హద్దు దాటలేదు. మన రాతి నేలల్లో కొన్ని బోర్లలో బైకార్బనేటు ఎక్కువై, కాల్షియం సున్నపురాయిగా విడిపోతుంది. ఇక ఫ్లోరైడుకు అడ్డం ఉండదు. పక్కపక్క బోర్లలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఎందుకవుతుందో ఊరివాళ్లు అడిగితే చెప్పడానికి నాకు ఆ లెక్కే పనికొచ్చింది. ఎముక సంగతీ ఇలాంటిదే. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉన్న స్థానంలోకి దాదాపు అంతే పరిమాణం ఉన్న ఫ్లోరైడు దూరిపోతుంది. మా అమ్మమ్మకు చేటు చేసిన ఆ గుణం వల్లనే, కాల్చిన ఎముక బొగ్గు నీళ్లలోని ఫ్లోరైడును లాగేస్తుంది. అందుకని జీవశాస్త్రం వాళ్ల సెమినార్లు నీవి కావని మానేయకు, భౌతికశాస్త్రం వాళ్లతోనూ స్నేహం చెయ్యి.

నీ చీటీల అలవాటు మాత్రం ఈ రోజుతో సరి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంకెలు బస్సు టికెట్టు వెనక రాసుకున్నావని నువ్వే నవ్వుతూ చెప్పావు, నాకు ఒళ్లు మండింది. కుట్టిన పుస్తకంలో, సిరాతో, తేదీ వేసి రాయి. తప్పయితే ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది చదవగలిగేలా. బఫరు ఏ రోజు చేశావో, ఏ డబ్బాలోంచి తీశావో కూడా రాయాలి. మీ మామయ్యకు సీడీటీఏ లేని రోజులేవో చెప్పింది ఆ పుస్తకమే.

మొదటి ఏడాది ఏమీ రాదు. రానప్పుడు గైడుకు ముఖం చాటేయకు, రాలేదనే చెప్పు. కోప్పడితే పడనీ. ఎవరైనా అంకెలను కాస్త సర్దమంటే మాత్రం, ఎంత పెద్దవారైనా, ఆ రోజే నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా సరే. చదువు ఆపేసి వచ్చేసినా ఈ ఇంట్లో నీకు గది ఉంది. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. వేళకు అన్నం తిను. నువ్వు నీరసంగా ఉన్నప్పుడు చేతులు వణుకుతాయి, చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

దసరాకు వచ్చేటప్పుడు మూతలు బిగుతుగా ఉన్న పాలిథిన్ సీసాలు తెచ్చుకో, గాజువి వద్దు. కనిగిరి వైపు బోర్లన్నీ తనే తిప్పి చూపిస్తానని మీ మామయ్య అంటున్నాడు. ఆ ఊరు కూడా నీ జాబితాలో ఉండాలట. ఈలోగా నీ ల్యాబు ఫోను నంబరు, నీ పక్క బల్ల అమ్మాయి నంబరు నాకు పంపు. ఆ జెల్ గడువు తేదీ చూసి అది కూడా రాయి.

మీ అత్త