క్రీమ్ మానేస్తే ముఖం మండుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 34. తిరుపతిలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రోజూ స్కూటీ మీద వెళ్లొస్తాను. రెండేళ్లుగా బుగ్గల మీద మంగు ఉంది. రోజుకు ఐదారుసార్లు సబ్బుతో ముఖం కడుగుతాను. ఆదివారాలు శనగపిండిలో నిమ్మరసం కలిపి పట్టిస్తాను. ఎదురింటావిడ చెప్పిందని మెడికల్ షాపులో ఓ క్రీమ్ కొని నాలుగు నెలలు రాశాను. మొదట్లో ముఖం తేటగా అయింది. ఇప్పుడు మానేస్తే ఎర్రబడి మండుతోంది, మొటిమలు వస్తున్నాయి. కాళ్లు పొడిబారి దురద. మెడ వెనక నలుపు ఎంత రుద్దినా పోదు. మంచి క్రీమ్ ఏదైనా చెప్పండి.
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: క్రీమ్ పేరు రాయడం లేదు, ఏమనుకోకండి. ఇప్పటికే మీ ముఖానికి పని ఎక్కువైంది. ముందు అది తగ్గిద్దాం.

మీరు వాడిన క్రీమ్ ఏదో రాయలేదు గానీ, చెప్పిన వరస చూస్తే అందులో స్టిరాయిడ్ ఉందనే నా అనుమానం. ట్యూబు వెనక సన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేరు కనిపిస్తే అదే. స్టిరాయిడ్ రాయగానే చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తగ్గుతుంది, రంగు కూడా కాస్త పలచబడుతుంది. అద్దంలో చూసుకుంటే తెల్లబడ్డట్టే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రటి నాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానగానే ముఖం భగ్గుమంటుంది. భయపడి మళ్లీ రాస్తారు, చల్లబడుతుంది. ‘ఈ క్రీమ్ లేకపోతే నాకు పడదు డాక్టర్’ అంటూ వచ్చేవాళ్లు ఎంతమందో. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. కౌంటర్ దగ్గర చీటీ అడిగేదెవరు లెండి!

మంట తట్టుకోలేక మీ అంతట మీరు మళ్లీ అదే క్రీమ్ మొదలుపెట్టకండి. కొందరికి ఒక్కసారిగా మాన్పిస్తాం, కొందరికి మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తాం. అది ముఖం చూసి చెప్పాల్సిన మాట. తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇక సబ్బు. చర్మం సహజంగా కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 5కు అటూ ఇటూ. మామూలు స్నానం సబ్బుది 9, 10, అంటే క్షార గుణం. రోజుకు ఆరుసార్లు రుద్దితే చర్మాన్ని కాపాడే నూనె పొర మిగలదు. పొద్దున, రాత్రి ఘాటు లేని ఫేస్‌వాష్ చాలు. చెమట పడితే ఉత్త నీళ్లతో కడిగి, టవల్‌తో అద్దండి, తుడవకండి. శనగపిండి మీద నాకు కోపం లేదు, కానీ మంగు ఉన్నచోట ఒరిపిడి పనికిరాదు. నిమ్మరసం అసలే వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కి, ఉన్న నలుపుకు ఇంకో నలుపు తోడవుతుంది.

మంగుకు మొదటి మందు ఎండ తగలకుండా చూసుకోవడమే. ఎండాకాలం మన ఊళ్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. మబ్బు పట్టిన రోజైనా సన్‌స్క్రీన్ మానొద్దు. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 గానీ అంతకు మించి గానీ ఉన్నది, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ఎంత వస్తుందో అంత ముఖానికీ మెడకూ కావాలి. శనగగింజంత రాసుకుని ‘పని చేయలేదండీ’ అంటే ఎలా? బయలుదేరడానికి ఇరవై నిమిషాల ముందు ఒకసారి, సాయంత్రం బండి తీసే ముందు మరోసారి రాయండి. మధ్యలో ఎక్కువసేపు ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. మంగుకు లేత గోధుమరంగు కలిసిన సన్‌స్క్రీన్ ఇంకా మేలు. ఇప్పుడు ముఖం మండుతోంది కాబట్టి ముందు దవడ అంచున కొంచెం రాసి మూడు రోజులు చూడండి. దాని మీద చున్నీ, హెల్మెట్ ఎలాగూ ఉంటాయి. అన్నట్టు, కొండ మీద గుండు చేయించి, గంధం పూసి పిల్లల్ని ఎండలో తిప్పుతుంటారు. గంధం చల్లగా ఉంటుందే తప్ప ఎండను ఆపదు. టోపీ పెట్టండి.

కాళ్ల సంగతి తేలిక. మీది బోరు నీళ్లయితే, బకెట్ అంచున తెల్లటి చార కట్టి, సబ్బు నురగ రాకపోతే ఆ నీళ్లలో ఉప్పులు ఎక్కువని అర్థం. సబ్బు సరిగా వదలక చర్మం మీదే మిగిలిపోతుంది. వేడి వేడి గీజర్ నీళ్లు దానికి తోడు. గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒళ్లు తడి పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయండి. ఖరీదైనది కొననక్కర్లేదు. కాళ్లకు వాజెలిన్, కొబ్బరినూనె చక్కగా సరిపోతాయి. మొటిమలున్న ముఖానికి మాత్రం కొబ్బరినూనె వద్దు.

మెడ వెనక నలుపును పీచుతో రుద్దడం ఈరోజే ఆపేయండి. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా కాస్త మందంగా ఉందా? అయితే అది మురికి కాకపోవచ్చు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే మెడ, చంకలు అలా నల్లబడతాయి. పరగడుపున షుగర్, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. నెలసరి తప్పుతున్నా, బరువు పెరుగుతున్నా డాక్టర్‌కు చెప్పండి. పొడి చర్మంతో పాటు నీరసం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష కూడా. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే దాచకండి, వాటితో మంగు పెరగొచ్చు.

రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లినా సరే, దగ్గర్లోని చర్మ వైద్యులెవరికి చూపించినా సరే. ఆ ట్యూబు ఖాళీ అయినా పారేయకుండా వెంట తీసుకెళ్లండి. పేరు చూస్తేనే సగం విషయం తెలిసిపోతుంది.